పందెం రాసినవాళ్లు, కోడిని పెంచినవాళ్లు

కోడిపందేల గురించి తెలుగులో ఏటా సంక్రాంతికి రెండు రకాల రాతలు వస్తాయి. ఇది మన సంప్రదాయం, మన పౌరుషం అని ఒకరు రాస్తారు. ఇది జూదం, మూగజీవుల మీద హింస అని మరొకరు రాస్తారు. ఇద్దరూ వాడే మాట మాత్రం ఒకటే, జనం. జనం తరలివచ్చారు, జనం ఊగిపోయారు, జనం జేబులు గుల్ల చేసుకున్నారు. చల్లపల్లిలో పుట్టి పెరిగిన నాకు ఈ మాట చదివినప్పుడల్లా చిరాకేస్తుంది. నా చిన్నతనంలో బరి చుట్టూ నిలబడిన ఆ జనంలో మా అమ్మ లేదు, పిన్ని లేదు, మా వీధిలో ఏ ఆడమనిషీ లేదు. అయినా మా వీధి నుంచి పందేనికి వెళ్లిన ప్రతి కోడీ వాళ్ల చేతి తిండి తినే వెళ్లింది. మరి ఈ వినోదం ఎవరిది? దాని ఖర్చు ఎవరిది?

ఈ రెండు ప్రశ్నలు పెట్టుకుని, పందేల గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఉదాహరించే పుస్తకాలు కొన్ని మళ్లీ చదివాను. వాటిలో స్త్రీలు బొత్తిగా లేరనుకుంటే పొరపాటు. ఉన్నారు. ఎక్కడ ఉన్నారు, ఏ పనిలో ఉన్నారు, వాళ్ల గురించి రాసినవాళ్లు ఏం పట్టించుకున్నారు, ఏం వదిలేశారు అన్నదే ఈ వ్యాసం.

మొదట క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న ఈ వీథినాటకాన్ని శ్రీనాథుడే రాశాడని వాదించిన పండితుల్లో వేటూరి ప్రభాకరశాస్త్రి ముఖ్యులు. ఆయనది చల్లపల్లికి దగ్గర్లోని పెదకళ్లేపల్లి. కాబట్టి మా దివిసీమకీ ఈ కావ్యానికీ ఒక చుట్టరికం ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసిన వింతలే ఇందులో కథ. కోడిపందెం చూస్తారు, పొట్టేళ్ల పోరు చూస్తారు, పాటలు వింటారు, పూటకూటింట్లో తింటారు. నగర జీవితం మీద ఇంత ఇష్టంతో రాసిన పుస్తకం పాత తెలుగులో అరుదు. కోళ్ల పోరును వీరుల యుద్ధాన్ని వర్ణించినట్టే వర్ణిస్తాడు కవి. చదువుతుంటే నవ్వొస్తుంది, నవ్వుతూనే ఆ గుంపులో మనమూ నిలబడిపోతాం.

కానీ ఆ ఊళ్లో ఎవరు తిరుగుతున్నారో, ఎవరు చూడబడుతున్నారో గమనించండి. తీరిగ్గా తిరిగేది మగవాళ్లు. దారిలో ఎదురయ్యే స్త్రీలను ఈ స్నేహితులు కోడినీ పొట్టేలునీ చూసినట్టే చూస్తారు, పక్కవాడికి చూపిస్తారు, వర్ణించి ముందుకు పోతారు. ప్రతాపరుద్రుడి కాలపు వేశ్య మాచల్దేవికి పేరుంది, ఆమె ఇంటి చిత్రశాలకు పేరుంది. మిగతా ఆడవాళ్లలో చాలామంది ఒక పద్యం సేపు కనిపించి మాయమవుతారు.

అలా మాయమైన వాళ్లలో ఒకామెను నేను మరిచిపోలేను. వీధిలో ఒక స్త్రీ తాళం తప్పకుండా వాయిస్తూ ద్విపదలో వీరుల కథ పాడుతుంది. వింటున్న కుర్రాళ్లు ప్రతి అక్షరానికీ ఆవేశంతో ఊగిపోతారు. ఆమె పాడింది పల్నాటి వీరుల కథేనని పండితులు చెబుతారు. అంటే తెలుగువాళ్ల కోడిపందేలన్నిటిలోకీ పేరు మోసిన పందెం కథ, బజారులో ఒక ఆడగొంతులో వినబడిందన్నమాట. మన సాహిత్య చరిత్రలు ఈ పద్యాన్ని పల్నాటి కథ ఎంత పాతదో నిరూపించడానికి సాక్ష్యంగా వాడుకున్నాయి. ద్విపద జనంలో ఎంత వాడుకలో ఉండేదో చెప్పడానికి వాడుకున్నాయి. పాడిన మనిషి ఎవరు, ఏ కులం, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుంది, ఆ రోజు ఆమెకు ఎంత ముట్టింది అని అడిగినవాళ్లు తక్కువ. గాయని సాక్ష్యంగా మిగిలింది, మనిషిగా మిగల్లేదు.

ఇక ఆమె పాడిన కథకొద్దాం. శ్రీనాథుడి పేరు మీదున్న పల్నాటి వీరచరిత్రలో గురజాల పక్షాన మంత్రి నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు. పందెం షరతు, ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలి. నాగమ్మ పక్షం కోడి గెలిచింది. మాచర్లవాళ్లు వలస పోయారు. గడువు తీరాక రాయబారానికి వచ్చిన అలరాజు హత్యకు గురయ్యాడు. చివరికి కారంపూడిలో యుద్ధం. ఇప్పటికీ కార్తీకమాసంలో కారంపూడి వీరుల ఉత్సవాల్లో ఒక రోజు పేరు కోడిపోరు.

ఈ కథను మనకు ఎలా నేర్పారు? నాగమ్మ కుట్ర వల్ల పల్నాడు నాశనమైందని. పందెంలో మోసం చేసిందని, మాయ చేసిందని. సరే, ఆమె మంత్రిత్వం నడిపిన తీరును విమర్శించడానికి ఎవరికైనా హక్కుంది. కానీ కోడి కాలి మీద రాజ్యాన్ని పణంగా పెట్టడానికి ఒప్పుకున్న రెండో మనిషి సంగతేమిటి? బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టినవాడు, మాలకులానికి చెందిన కన్నమదాసును కొడుకులా చూసుకున్నవాడు. ఆ గొప్పతనం గొప్పతనమే. అయితే అంతటివాడు వేలమంది బతుకుల్ని ఒక పందేనికి ఎలా ఒప్పగించాడని మన పాఠాలు ప్రశ్నించవు. సభాపర్వంలో ధర్మరాజు తన్ను ఓడి, ఆ తర్వాత ద్రౌపదిని ఒడ్డితే అది అతని వ్యసనం, బలహీనత. నాగమ్మ గెలిస్తే అది కుట్ర. మగవాడు ఓడిపోయినా జాలి దక్కుతుంది, ఆడది గెలిస్తే ఆ గెలుపే నేరమవుతుంది. ఇదే కథలో భర్త బాలచంద్రుణ్ని యుద్ధానికి సాగనంపిన మాంచాల పూజలందుకుంది. కోడిని బరిలో దింపిన నాగమ్మ తిట్టయింది. మా వైపు నోరున్న ఆడదాన్ని నాయకురాలు నాగమ్మ అనడం మెచ్చుకోలు కాదు.

సినిమాలు ఈ చూపును ఇంకాస్త గట్టిపరిచాయి. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టగా ఆయన మరణం తర్వాత ఎల్వీ ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి పల్నాటి యుద్ధంలో నాగమ్మ కన్నాంబ. 1966 నాటి పల్నాటి యుద్ధంలో భానుమతి. తెర మీద రాజసం పండించగల ఇద్దరు నటీమణులూ ఆ పాత్రకు ఠీవి తెచ్చారు. కథ మాత్రం వాళ్లను ప్రతినాయిక స్థానం నుంచి కదలనివ్వలేదు. నాగమ్మను మంచిదని నిరూపించాలని నేను అనడం లేదు. పందెమనే ఆటలో యజమాని స్థానానికి వచ్చిన ఒకే ఒక్క స్త్రీని మన సాహిత్యం యుద్ధానికి కారణంగానే గుర్తుపెట్టుకుంది. ఆ స్థానంలోకి రావద్దని తరతరాల ఆడపిల్లలకు అదొక హెచ్చరిక.

సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది. 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దానికే దక్కింది. రాజుల యుద్ధాలు కాదు, మామూలు మనుషుల తిండి, బట్ట, ఆట, పాట చరిత్ర కావాలని ఆయన పట్టుబట్టారు. కావ్యాలను జల్లెడ పట్టి ఆ వివరాలు ఏరారు. క్రీడాభిరామం లేకపోతే ఆ పుస్తకం సగం వెలతెల పోయేది. ఆయన చేసిన పని చూసి ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అయితే ఆయన ఆధారాలే మగవాళ్ల కళ్లతో చూసి రాసినవి. కావ్యాల్లో మగవాళ్ల ఆటలు వీధిలో, తోటలో, బరిలో ఉంటాయి. ఆడపిల్లల ఆటలు బొమ్మల పెళ్లిళ్లు, గుజ్జనగూళ్లు, అచ్చనగండ్లు, ఓమనగుంటలు. అన్నీ ఇంటి అరుగు దాటనివి. గుజ్జనగూళ్లంటే మరేమిటి? అన్నం వండే ఆట. రేపు చేయబోయే చాకిరీకి ఈ రోజు ఆటపేరుతో తర్ఫీదు. సాంఘిక చరిత్ర ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి ఊరుకుంటుంది. ఒకరి ఆటకి కావలసిన తీరికను ఇంకొకరి పని సంపాదించి పెడుతుందన్న సంగతి జాబితాల్లో తేలదు.

అది తేలాలంటే ఇంట్లోకి రావాలి. మా పిన్ని ఇంటి పెరట్లో పందెంకోడి కాలికి తాడుతో మేకుకు కట్టి ఉండేది, మామూలు కోళ్లతో కలవనివ్వకుండా. దసరా వెళ్లిందంటే దాని తిండి వేరు. సజ్జలు, చోళ్లు, ఉడికించిన గుడ్డు, సన్నగా కోసిన బాదంపప్పు, మాంసం కైమా. బాబాయి దాన్ని చెరువుకి తీసుకెళ్లి ఈత కొట్టించేవాడు, ఊరంతా చూసేది ఆ ఈతనే. కాపడానికి నీళ్లు కాచేది, కైమా కొట్టేది, దాని రెట్ట ఎత్తేది, చలి రాత్రి గోనెపట్టా కప్పేది పిన్ని. పిల్లలం ఆ బాదంపప్పు వైపు చూస్తే, అది కోడిదమ్మా అనేది. పందెం రోజు మాత్రం ఆమె కోడిని ముట్టుకోకూడదు. అది బయల్దేరేటప్పుడు ఎదురు రాకూడదు. మూడు నెలలు చేత్తో మేపినప్పుడు లేని మైల ఆ ఒక్క రోజు ఎక్కణ్నుంచి వచ్చేదో!

కుక్కుటశాస్త్రం అని మనకొకటుంది. డేగ, కాకి, నెమలి, పింగళ అని ఈకల రంగును బట్టి కోళ్లకు పేర్లు, ఏ రోజు ఏ రంగు గెలుస్తుంది, ఏ దిక్కు నుంచి బరిలోకి వదలాలి అన్న లెక్కలు. అన్నీ చెప్పే శాస్త్రంలో మేపిన చేతి ఊసు లేదు. పిన్ని ఒకసారి అన్న మాట నాకు ఏ శాస్త్రం కంటే నిజమనిపిస్తుంది. "గెలిస్తే ఆయన కోడి గెలిచిందంటారు. ఓడితే నేను ఎదురొచ్చానంటారు."

గెలిస్తే ఏమొచ్చేది? ఓడి చచ్చిన అవతలివాడి కోడి వచ్చేది. గెలిచినవాడికి అది హక్కు. కనుమ నాడు దాన్ని పీకి, కాల్చి, మసాలా నూరి వండేది మళ్లీ పిన్నే. ఓడితే? మా డెల్టాలో సంక్రాంతి నాటికి సార్వా పంట చేతికొస్తుంది. కౌలు కట్టాలి, ఎరువుల కొట్లో బాకీ తీర్చాలి, పిల్లల ఫీజులుంటాయి. ఏడాదికి ఒకసారి ఇంట్లో నోట్లు కనబడే సమయమూ పందేలు సాగే సమయమూ ఒకటే. ఇది యాదృచ్ఛికం కాదు. చేతిలో డబ్బున్నప్పుడే జూదం పండగవుతుంది. మాఘమాసంలో పెళ్లిళ్లకు పిలుపులొస్తే, పిన్ని మెడలో గొలుసు ఎందుకు లేదో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

బాలిలో కోడిపందేల మీద క్లిఫర్డ్ గీర్ట్జ్ 1972లో ప్రచురించిన వ్యాసం ప్రపంచమంతటా మానవశాస్త్ర విద్యార్థులకు పాఠం. పందెంలో డబ్బు కంటే పరువు పెద్దదనీ, కోళ్ల రూపంలో మగవాళ్లే పోట్లాడుకుంటారనీ, సమాజం తన కథను తనకే చెప్పుకునే పద్ధతి అదనీ ఆయన వాదం. బాలి జీవితంలో చాలా పనులు స్త్రీ పురుషులు కలిసి చేస్తారనీ, పందెం మాత్రం మగవాళ్లదేననీ ఆయనే రాశారు. రాసి ముందుకు వెళ్లిపోయారు. సగం మందిని బయట నిలబెట్టి చెప్పుకునే కథ మొత్తం సమాజం కథ ఎలా అవుతుందని ఆగి అడగలేదు.

ఆ వ్యాసం మొదట్లోనే ఒక సంఘటన ఉంది. పందెం మీద పోలీసులు పడతారు. గీర్ట్జ్, ఆయన భార్య అందరితో పాటు పరుగెత్తి ఒక ఇంటి పెరట్లో దూరతారు. ఆ ఇంటావిడ క్షణంలో బల్ల వేసి, గుడ్డ పరిచి, కుర్చీలు తెచ్చి, టీ పెడుతుంది. పోలీసు వచ్చేసరికి అందరూ ఎప్పట్నుంచో టీ తాగుతున్నట్టు కూర్చుని ఉంటారు. ఆమెకు ఇలాంటివి అలవాటే అయినట్టుందని ఆయన గమనించారు కూడా. ఇది చదివి నేను నవ్వుకున్నాను. పోలీసు జీపు వీధి మలుపు తిరిగిందంటే కోడిని వంటింట్లోకి మార్చి, వాకిట్లో అరిసెల పిండి దంచుతూ కూర్చోవడం మా ఆడవాళ్లకూ అలవాటే. పందేనికి పహరా కాసేది, సాక్ష్యం దాచేది, దొరికితే బతిమాలేది స్త్రీలు. పరువు కోసం ఆడే ఆటలో ఆ పరువు నిలబెట్టే పని వాళ్లది. ఆ వ్యాసం దాన్ని ముచ్చటైన సంఘటనగా చెప్పి వదిలేసింది.

ఎవరు రాస్తున్నారన్నదే కాదు, దేన్ని ఆటగా లెక్కిస్తున్నారన్నది కూడా ముఖ్యం. ఇందుకు దూరదేశపు ఉదాహరణ ఒకటి చెబుతాను. పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లండు పట్టణాల్లోనూ కోడిపందేలు జోరుగా సాగేవి. బడుల్లో కూడా పండగ రోజున పిల్లలు కోళ్లు తెచ్చి పోటీ పెడితే, చచ్చిన కోళ్లు పంతులుకి చెందేవి. విలియం మక్రీ అనే కత్తిసాము గురువు 1705లో ఎడింబరోలో ఈ పందేలను రాజోచితమైన వినోదమని పొగుడుతూ ఒక పుస్తకమే రాశాడు. అంటే వాళ్లకీ ఒక కుక్కుటశాస్త్రం! ఇంతవరకు మన కథే. కానీ ఆ శతాబ్దం చివర, 1790లలో, దేశంలోని ప్రతి పారిష్ గురించి అక్కడి మతాచార్యుల చేత వివరాలు రాయించారు. ఎడింబరో దగ్గరి ఇన్వెరెస్క్ గురించి రాసిన అలెగ్జాండర్ కార్లైల్, వీపున బుట్టలతో చేపలు మోసుకెళ్లి నగరంలో అమ్మే స్త్రీల గురించి చెప్పాడు. సెలవు రోజుల్లో వాళ్లు గోల్ఫ్ ఆడతారని, ఏటా ఒక పండగ నాడు పెళ్లైనవాళ్లకీ పెళ్లికానివాళ్లకీ ఫుట్‌బాల్ పోటీ జరుగుతుందని, ఎప్పుడూ పెళ్లైనవాళ్లే గెలుస్తారని రాశాడు. మగవాళ్ల పని చేస్తారు కాబట్టి వాళ్ల తీరూ మగతీరేనని ఆయన వివరణ. ఆ వివరణతో మనకు పేచీ ఉంది. కానీ ఆయన చూశాడు, కాగితం మీద పెట్టాడు. అందువల్ల రెండు వందల ఏళ్ల తర్వాత మనకు తెలిసింది, శ్రమ చేసే స్త్రీలు తమ కోసం తాము, బయట, పదిమందిలో ఆడుకున్నారని.

మచిలీపట్నం గిలకలదిండి నుంచి, నాగాయలంక నుంచి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగిన మన స్త్రీలు ఏం ఆడారు? మినుము తీతకి వెళ్లిన కూలి ఆడవాళ్లు గట్టు మీద ఏం పందేలు వేసుకున్నారు? నేను చదివిన సాంఘిక చరిత్రల్లో ఇవి కనబడలేదు. పత్రికల్లో సంక్రాంతి పేజీ తెరిస్తే మగవాళ్లకి బరి, ఆడవాళ్లకి ముగ్గుల పోటీ. ముగ్గు అందమైనదే. కానీ గుమ్మం ముందు వంగి చేసే పనికే బహుమతి పెట్టి దాన్ని మహిళల వినోదమనడంలోని తెలివి గమనించదగ్గది.

చట్టం కూడా ఇంటిని చూడదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కోడి వైపు నుంచి మాట్లాడుతుంది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం జూదం గురించి మాట్లాడుతుంది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు పందేలను అరికట్టాలని ఆదేశించింది. ఆ తర్వాతా ప్రతి సంక్రాంతికీ బరులు లేచాయి. కోడి బాధ నిజం, కత్తి కట్టిన కాలి గాయం నిజం. నేను వాటిని తక్కువ చేయడం లేదు. అయితే ఈ వాదాలన్నిటిలో గొలుసు పోగొట్టుకున్న పిన్ని బాధితురాలి లెక్కలోకి రాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా విషయంలో చేసింది ఇదే. ఇంటి లెక్కను బజారులో చెప్పారు. అది ఉద్యమమైంది, మరుసటి ఏడు రాష్ట్రంలో సారా ఆగింది. పందెం విషయంలో మనం అలా నోరు విప్పలేదు. సారా రోజూ ఏడిపించేది, పందెం పండగ ముసుగులో మూడు రోజులే వస్తుంది. కొత్త అల్లుడు ఇంట్లో ఉంటాడు, కులం పరువు బరిలో ఉంటుంది, పండగపూట ఏడవకూడదంటారు.

ఇప్పుడు కొత్త మాట వినబడుతోంది. స్త్రీలూ పందేలకు వస్తున్నారు, కుర్చీలు వేస్తున్నారు, వాళ్లూ కాస్తున్నారు, ఇక వివక్ష ఎక్కడ అని. వెళ్లేవాళ్లని నేను తప్పు పట్టను. చూడాలన్న కోరిక ఎవరికైనా ఉంటుంది, వీధి ఎవరి సొత్తూ కాదు. కానీ బరి పక్కన కుర్చీ దొరికినంత మాత్రాన పెరట్లో పని చేతులు మారిందా? గొలుసు తాకట్టు పెట్టేముందు ఆమెను అడుగుతున్నారా? 2022 సంక్రాంతికి గుడివాడలో కాసినో తరహా జూదం, యువతుల నృత్యాలు నడిచాయన్న ఆరోపణలు రాష్ట్రమంతటా గొడవయ్యాయి. ఆ గొడవలో పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. నృత్యం చేశారంటున్న ఆ యువతుల బతుకు గురించి ఎవరూ మాట్లాడలేదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఇంకా వీధుల్లోనే తిరుగుతున్నారు.

కాబట్టి పందెం మీద రాసేవాళ్లను నేను కోరేది ఒకటే. బరిలో కోళ్లు కొట్టుకునే ఆ కాసేపటితో కథ మొదలుపెట్టి అక్కడే ముగించకండి. మూడు నెలలు ముందుకు, ఆరు నెలలు వెనక్కి జరపండి. అప్పుడు పేజీ నిండా స్త్రీలు కనబడతారు. మన పత్రిక చదివేవాళ్లలో కృష్ణా, గోదావరి జిల్లాల ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. కోడికి ఎంత పెట్టారో, ఇంట్లో ఎవరికి ఎంత తగ్గిందో, ఏ నగ ఏ సంక్రాంతికి పోయిందో మీకు తారీఖులతో సహా గుర్తుంటుంది. ఆ లెక్క ఏ కావ్యంలోనూ లేదు. ఓరుగల్లు వీధిలో పాడిన ఆమె పేరు ఇక మనకు దొరకదు. మీ పెరట్లో కోడిని మేపిన ఆమె పేరు మీకు తెలుసు. ఆ పేరుతోనే మొదలుపెట్టి రాయండి.